దాచుకున్న నీళ్లు

మా అమ్మగారింట్లో చుట్టాలకు మంచినీళ్లిచ్చే గ్లాసు చిన్నది. టీ గ్లాసు కంటే రవ్వంత పెద్దది. అది తాగిన తర్వాత, ఇంకా కావాలా అని అడిగేవాళ్లం. ముందే పెద్ద గ్లాసు నిండా ఇస్తే సగం తాగి సగం పెడతారు. ఎంగిలి నీళ్లు ఇంకెవరూ తాగరు, పారబోయడానికి చేయి రాదు. అందుకని చిన్న గ్లాసు. బయటివాళ్లు దీన్ని పిసినారితనం అనుకునేవారు. జనగామలో మా కాలనీ మొత్తం మీద ప్రతి ఇంట్లోనూ అలాంటి గ్లాసులే ఉండేవి.

కాలనీ ఊరి చివర ఉండేది. బోరు వేస్తే నీళ్లకు బదులు తెల్లటి రాతిపొడి లేచేది. మా నాయిన రెండుసార్లు వేయించి, రెండో గుంతను బండతో మూసేసి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నల్లా గొట్టాలు ఉండేవి కానీ వాటిలో నీళ్ల కంటే గాలి ఎక్కువ వచ్చేది. ట్యాంకరే దిక్కు. అది నాలుగు రోజులకు రావచ్చు, వారానికి రావచ్చు. ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఒకరు ఉండాలి. ఆ ఒకరు చాలాసార్లు నేనే. ట్యాంకర్ ఏ మలుపు దగ్గరుందో ఇంజను చప్పుడును బట్టి చెప్పేదాన్ని. కూరగాయలు కడిగిన నీళ్లతో గిన్నెలు తొలిచేవాళ్లం. బట్టలు జాడించిన నీళ్లు బాత్రూం బకెట్లోకి పోయేవి. ఏ నీళ్లయినా నేల మీద పడేలోపు రెండు పనులు చేయాలి.

డిగ్రీ చివరి ఏడాది కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష రోజు, తెల్లకోటు మడిచి సంచిలో పెట్టుకుని గుమ్మం దాటుతుండగా ట్యాంకర్ వచ్చింది. అమ్మ నన్ను పొమ్మంది. పక్కింటివాళ్లు పొమ్మన్నారు. పైపు కొస మా డ్రమ్ములో ఉంది, డ్రమ్ము ఇంకా సగమే నిండింది. అరగంట ఆలస్యంగా పోయాను. సారు లోపలికి రానిచ్చారు కానీ ప్రయోగం పూర్తి కాలేదు, మార్కులు పోయాయి. ఆ రోజు నన్నెవరూ ఆపలేదు. నేనే కదల్లేదు. ఈ మాట ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, తర్వాత జరిగినదానికి ఊరిని తిట్టుకున్నాను, గవర్నమెంటును తిట్టుకున్నాను, అత్తమ్మను తిట్టుకున్నాను. కానీ ఎవరూ చెప్పకుండానే కదలకుండా నిలబడిపోయే ఆ మనిషి ఎప్పుడో తయారైపోయింది.

పెళ్లయ్యాక మహబూబాబాద్ దిక్కు, కురవి దగ్గరి పల్లెకు పోయాను. అత్తగారింటి పెరట్లో బాయి ఉంది. వానాకాలంలో గట్టు మీద వంగితే చెంబుతో ముంచుకోవచ్చు. మొదటి పొద్దున నిద్ర లేచి బయటికి వస్తే అత్తమ్మ ఒక్కో బిందెను ఎత్తి, నిండా ఉన్న నీళ్లను పెరట్లోకి వంచేస్తోంది. రాత్రి నిలిచిన నీళ్లను వాళ్లు పాసి నీళ్లు అంటారు. పొద్దున్నే అవి పారబోసి, బిందెలు తోమి, కొత్త నీళ్లు చేదుకుంటేనే ఇంట్లో పొయ్యి వెలగాలి. నేను పరుగెత్తిపోయి ఆమె చేతిలో బిందె పట్టుకున్నాను. కొత్త కోడలు పొద్దున్నే అత్తగారి చేయి పట్టుకోవడం ఆ వాడలో ఎవరూ చూడలేదు.

"గిన్ని నీళ్లు ఎవలకు దాస్తవు పిల్లా? బాయిని ఎవలన్న ఎత్కపోతరా?" అంది ఆమె. చుట్టూ నవ్వారు. నేను కూడా నవ్వాను. కానీ ఆ ఏడాదంతా పొద్దున్నే ఆ నీళ్లు నేల మీద పడే చప్పుడు వినలేక దుప్పటి చెవుల మీదికి లాక్కునేదాన్ని.

ఏడాది తర్వాత నా భర్తకు భూపాలపల్లిలో బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్ పని దొరికింది. క్వార్టర్ ఇచ్చారు. రెండు గదులు, వెనక చిన్న వాకిలి, వాకిట్లో నల్లా. ఆ నల్లాకు తిప్పే పిడి లేదు. ఆ వరుసలో చాలా ఇళ్లకు లేవు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నీళ్లు వచ్చేవి, వచ్చినంతసేపూ పారేవి. ఇంట్లో మనుషులు షిఫ్టుకు పోయినా పారేవి. కాలువలోంచి రోడ్డు మీదికి, రోడ్డు మీద నుంచి పల్లానికి. గర్భంతో ఉన్న నేను పొద్దున్నే చీపురు పుల్లలకు గుడ్డ చుట్టి వరుసలో నల్లాలకు బిరడాలు పెట్టుకుంటూ పోయేదాన్ని. పక్క క్వార్టర్‌లో ఉండే ముస్లిం ఆవిడ, మేమంతా ఆపా అనేవాళ్లం, నన్ను చూసి అందరికీ వినపడేలా అనేది: "నల్లా ఇన్‌స్పెక్టర్ వస్తున్నది, జర బంద్ చేయండ్రి." ఆ పేరు వరుసంతా పట్టుకుంది. పిల్ల పుట్టిన తర్వాత కూడా నన్ను ఇన్‌స్పెక్టర్ అనే పిలిచేవారు.

నేను పట్టించుకోలేదు. రెండు నీలి డ్రమ్ములు కొనిపించాను. వెనక వాకిట్లో సిమెంటు గోలెం, వంటింట్లో ఆరు బిందెలు, మట్టి రంజన్, మంచం కింద సీసాలు. రోజూ రెండుసార్లు నల్లా వచ్చే ఊరిలో ఇన్ని ఎందుకని నా భర్త అడిగితే, రేపు రాకపోతే అనేదాన్ని. ఆయన పుట్టిన ఊళ్లో ఆ ప్రశ్న లేదు. నేను పుట్టిన ఊళ్లో అది తప్ప వేరే ప్రశ్న లేదు.

పిల్లకు రెండో ఏడు నడుస్తున్నప్పుడు, వానాకాలంలో, అత్తమ్మ సాయానికి వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచే మా యుద్ధం మొదలైంది. తెల్లవారేసరికి ఆమె బిందెలన్నీ వంచేసేది. నల్లా రాగానే నేను నింపేదాన్ని. డ్రమ్ములు ఆమె ఒక్కతే వంచలేకపోయేది కాబట్టి చెంబుతో తోడి తోడి పోసేది. పాసి నీళ్లతో పిల్లకు స్నానం చేయించనని పట్టు పట్టేది. నేను డిగ్రీ చదివాను, నీళ్లు ఒక్క రాత్రికి పాడవవని ఆమెకు పాఠం చెప్పేదాన్ని. పాఠం చెప్పడం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అప్పుడే ప్రతి శుక్రవారం ఒక ఆరోగ్య కార్యకర్త టార్చిలైటుతో ఇళ్లకు వచ్చేది. డెంగీ జ్వరాలున్నాయి, నిలవ ఉన్న నీళ్లు వారానికోసారి పారబోసి, ఎండబెట్టాలి అని చెప్పేది. డ్రమ్ముల్లోకి టార్చి వేసి చూసేది. తోకలాడించే సన్నని పురుగులు కనిపిస్తే అక్కడే ఒంపించేది. ఆమె మాట తప్పని నేను అనుకోలేదు. మురికి గుంటలకు, పాత టైర్లకు ఆ మాట వర్తిస్తుందని, మూత పెట్టుకున్న నా శుభ్రమైన నీళ్లకు కాదని అనుకున్నాను. ఒక శుక్రవారం ఆమె వరుస మొదట్లో ఉండగానే ఒక డ్రమ్మును లోపలి గదిలోకి జరిపి, దాని మీద దుప్పట్లు, బొంతలు మడిచి పెట్టాను. ఆమె గుమ్మంలో నుంచి చూసి, అందులో ఏముందమ్మా అని అడిగింది. బియ్యం అని చెప్పాను. నా భర్త అక్కడే కూర్చుని డ్యూటీ బూట్లకు లేసులు కట్టుకుంటున్నాడు. తల ఎత్తి నన్ను చూసి మళ్లీ లేసులు కట్టుకున్నాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం అది బియ్యం డ్రమ్మే.

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలయ్యే ముందు వారం అత్తమ్మకూ నాకూ గట్టిగా గొడవైంది. ఆమె ఆ బొంతలు తీసి పక్కన పెట్టి, లోపలి డ్రమ్ములో నీళ్లు తోడి పారబోస్తుంటే నేను చెంబు గుంజుకున్నాను. మీ పెరట్లో బాయి ఉంది కాబట్టి నీ చేయికి దయ లేదు అన్నాను. మా ఊళ్లో పుట్టి ఉంటే తెలిసేది అన్నాను. ఇంకా ఏవో అన్నాను.

ఆమె ఖాళీ చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత, "నీ ఊరు నీకు నీళ్లు ఇయ్యలేదు బిడ్డా, నిజమే. గని అది నా తప్పా?" అంది. సంచి సర్దుకుని, పత్తి ఏరే రోజులు దగ్గరికొచ్చాయని చెప్పి, మధ్యాహ్నం బస్సెక్కింది. నేను ఆపలేదు. నిజం చెప్పాలంటే ఊపిరి పీల్చుకున్నాను. ఆ సాయంత్రమే అన్నీ నిండా నింపుకున్నాను.

తర్వాత రాష్ట్రం కోసం అందరూ పనులు ఆపేశారు. గనులు ఆగాయి, బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. మెయిన్ రోడ్డు మీద టెంటు వేశారు. నా భర్త పొద్దున్నే అక్కడికి పోయేవాడు. మేం ఆడవాళ్లం కూడా పోయాం. రోడ్డు మీద రాళ్లు పెట్టి పొయ్యిలు రాజేసి, అక్కడే అన్నం వండి, అక్కడే అందరం తినేవాళ్లం. నేను పిల్లను చంకనెత్తుకుని రెండుసార్లు పోయాను. మైకులో మాట్లాడినవాళ్లు ఎక్కువగా నీళ్ల గురించే చెప్పారు. నదులు మన పక్క నుంచే పోతున్నాయి, మన చేలు మాత్రం ఎండుతున్నాయి అన్నారు. జనగామ పేరు కూడా వచ్చింది. అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టాను. ఆ మాటలు అబద్ధమని ఇప్పటికీ అనను. ఆ చప్పట్లు కొట్టే సమయానికి మా ఇంట్లో బొంతల కింద ఏం పెరుగుతోందో నాకు తెలియదు, అంతే.

సమ్మె మూడో వారంలో పిల్లకు జ్వరం వచ్చింది. మొదటి రోజు పళ్లు వస్తున్నాయి అనుకున్నాం. రెండో రోజు కళ్లు తెరవడం లేదు. ఇక్కడి దవాఖానలో చూసి, రక్తపరీక్షకు చిన్నపిల్లల డాక్టరు దగ్గరికి హన్మకొండ తీసుకుపొమ్మన్నారు. బస్సు లేదు. ఆపా తమ్ముడికి ఒక జీపు ఉంది. ఆమె అతన్ని నిద్ర లేపి పంపింది. డీజిల్ సంగతి తర్వాత చూసుకుందాం, ముందు బండి ఎక్కండి అంది.

పరకాల దాటకముందే ఒక ఊరి దగ్గర రోడ్డు నిండా పొయ్యిలు. నాలుగైదు పెద్ద డేగిశాలు పొగలు కక్కుతున్నాయి. జీపు ఆగింది. నా భర్త దిగి, తానూ సమ్మెలో ఉన్నవాడినేనని, పిల్లకు జ్వరమని చెప్పాడు. ఒక పెద్దమనిషి తువ్వాల సవరించుకుంటూ, "నిన్న ఒకాయన గిట్లనే జ్వరమని చెప్పి పెండ్లికి పోయిండు బిడ్డా. అత్తరు వాసన వచ్చినంక తెలిసింది," అన్నాడు. ఎవరో నవ్వారు. నాకు ఆ మనిషిని చంపేయాలన్నంత కోపం వచ్చింది. రెండు వారాల కిందట ఇలాంటి పొయ్యి దగ్గరే కూర్చుని, ఇలాంటి జోకుకే నేనూ నవ్వాను.

వంట చేస్తున్న ఒకావిడ వచ్చి జీపులోకి చేయి పెట్టి పిల్ల నుదురు ముట్టుకుంది. వెంటనే వెనక్కి తిరిగి డేగిశాలు దించమని కేక వేసింది. నలుగురు కలిసి గుడ్డలతో పట్టుకుని దించారు. రాళ్లు కాళ్లతో తోశారు. నిప్పుల మీద నీళ్లు చల్లబోతుంటే జోకు వేసిన ఆ పెద్దమనిషే ఆపి, తడి బూడిదలో టైరు జారుతుంది, అట్లనే పోనియ్యండి అన్నాడు. నిప్పుల మీద నుంచే పోయాం.

హన్మకొండలో పరీక్ష చేశారు. డెంగీ. రక్తకణాలు తగ్గుతున్నాయి, రెండు మూడు రోజులు గడిస్తే కానీ ఏమీ చెప్పలేమన్నారు. డాక్టరమ్మ మంచి మనిషి. మూడో రోజు రాసుకుంటూ మామూలుగానే అడిగింది, ఇంట్లో నీళ్లు ఎక్కడైనా నిలవ ఉంటాయా అని. లేవు మేడం అన్నాను. నా పిల్ల చేతికి సూది గుచ్చి ఉంది, ఆ చేయిని పట్టుకుని ఉన్నాను, అయినా నా నోటి నుంచి ఆ మాటే వచ్చింది. నా భర్త అక్కడే ఉన్నాడు. ఆమె ముందు ఏమీ అనలేదు.

బయట వరండాలో అన్నాడు. "బియ్యం డ్రమ్ము సంగతి జెప్పకపోతివి?"

ఆయన ఫోన్ తీసి ఆపాకు చేశాడు. ఇంటి తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. లోపలివీ బయటివీ అన్ని నీళ్లూ పారబోయమని చెప్పాడు. అవతల ఆమె ఏదో చెబుతోంది. ఆయన వింటూ వింటూ ఫోను నాకు ఇచ్చాడు.

మేం హన్మకొండ వచ్చిన రోజు నుంచి అక్కడ నల్లా రాలేదట. బొగ్గు లేక కరెంటు కోతలు, కరెంటు లేక పంపులు ఆగిపోయాయి. ట్యాంకర్ వస్తుందని చెప్పారు, రాలేదు. వరుసలో ఎవరింట్లోనూ రెండు బిందెలకు మించి లేవు. రోజూ రెండుసార్లు పారే నీళ్లను ఎవరు దాచుకుంటారు? ఆపా తాళం తీసి మా డ్రమ్ములు చూసింది. వరుసలో ప్రతి ఇంటికీ రోజుకు ఒక బిందె చొప్పున పంచుతోంది.

"పారబొయ్యమంటె పోస్త బేటీ. నీ ఇంట్ల నీళ్లు, నీ ఇష్టం. గని బాలింత ఉన్నది చివరి ఇంట్ల, ఆమెకు ఏం చెప్పాలె?"

నేను పుట్టినప్పటి నుంచి భయపడింది చివరికి వచ్చింది. నల్లా ఆగిపోయింది. ఇన్నేళ్లు నవ్వినవాళ్లందరి ముందు నా మాటే నిజమైంది. ఆ నిజం చెవిలో వింటున్నప్పుడు గాజు తలుపు అవతల నా పిల్ల కదలకుండా పడుకుని ఉంది. ఇంతకంటే దిక్కుమాలిన గెలుపు ఎవరికైనా ఉంటుందా?

పారబోయవద్దు అని చెప్పాను. పురుగులున్నాయి, గుడ్డతో వడగట్టి, మరగకాచి తాగమనండి, డ్రమ్ములకు గుడ్డ బిగించి కట్టండి, మా పిల్లకు వచ్చింది ఆ నీళ్ల వల్లే కావచ్చు అని చెప్పాను. ఎవరికీ చెప్పని మాట ఆపాకు చెప్పాను. ఆమె, పురుగులు మొన్ననే చూశానని, గుడ్డ కట్టానని, వడగట్టే పంచుతున్నానని చెప్పింది. అంతకు మించి ఏమీ అడగలేదు. పిల్ల కోసం నమాజులో దువా చేస్తున్నానంది.

ఫోను పెట్టాక నా భర్త అన్న మాట ఆయన ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు. "పిల్ల గట్ల పండుకొని ఉంటె నీకు ఇంక ఆ నీళ్ల మీదనే పాణమున్నది."

చివరి ఇంటి బాలింత గురించి ఆలోచించి చెప్పానా, నీళ్లు నేలపాలు కావడం సహించలేక చెప్పానా, నాకు తెలియదు. రెండూ ఒకటే మాటగా బయటికి వచ్చాయి.

మరుసటి రోజు అత్తమ్మ వచ్చింది. రైళ్లు కూడా ఆపేశారు. ఒక వడ్ల లారీలో కొంత దూరం, ట్రాక్టర్ మీద కొంత దూరం, మిగతాది నడిచి. పాదాలు వాచి ఉన్నాయి. నన్ను ఏమంటుందోనని గోడకు ఆనుకుని నిలబడ్డాను. కొడుకు అన్నీ చెప్పాడని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. ఆమె పిల్ల పక్కన కూర్చుని, చెంచాతో కొబ్బరినీళ్లు ఒక్కో చుక్క పోసింది. ఆమె తిట్టి ఉంటే నేను జవాబు చెప్పేదాన్ని. నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి, జనగామ అంత పెద్దవి. వాటిని అడిగేవాళ్లు లేకుండా పోయారు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ రౌండ్‌కు వచ్చినప్పుడు నేనే చెప్పాను, ఇంట్లో నిలవ నీళ్లున్నాయని, దాచిపెట్టానని. ఆమె కోప్పడలేదు. ఆ దోమ మీ డ్రమ్ములోనే పుట్టిందని ఎవరూ చెప్పలేరమ్మా అంది, ఊళ్లో ఎక్కడైనా కుట్టి ఉండొచ్చు. ఆ మాటకు నాకు ఊరట కలగాలి. కలగలేదు. తప్పు నాదే అని తేలితే దాన్ని పట్టుకుని ఏడ్చేదాన్ని. నాది కాదని తేలితే నిద్రపోయేదాన్ని. రెండూ కాకుండా వదిలేసింది.

ఐదో రోజు కణాలు పెరగడం మొదలైంది. పిల్ల కళ్లు తెరిచి ముందు అడిగింది బిస్కెట్. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక సంగతి గట్టిగా చెప్పింది. ఒకసారి వచ్చిన పిల్లకు రెండోసారి వస్తే ఇంకా ప్రమాదం, ఇంట్లో వారానికి మించి ఒక్క చెంబు నీళ్లు కూడా నిలవ ఉండకూడదు.

ఇంటికి వచ్చేసరికి డ్రమ్ములు అడుగంటాయి. కరెంటు కాస్త కుదుటపడి నల్లా వస్తోంది. వరుసలో ఆడవాళ్లు పిల్లను చూడటానికి వచ్చి, నీ నీళ్లతోనే గడిచిందని చెప్పారు. చివరి ఇంటి బాలింత వాళ్లమ్మ నా చేతులు పట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ అని ఎవరూ అనలేదు, అందుకు కూడా నాకు చిరాకేసింది. ఆపా వెనక నిలబడి ఉంది. నేను ఫోన్‌లో చెప్పింది ఆమె ఎవరికీ చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

సమ్మె ముగిసింది. రాష్ట్రం రాలేదు. ఇప్పటికీ టెంట్లు వేస్తున్నారు, తీస్తున్నారు. నేను ఒక డ్రమ్మును టెంటు దగ్గర నీళ్లు పెట్టడానికి ఇచ్చేశాను. రెండోదాన్ని కూడా ఇవ్వమని నా భర్త అన్నాడు. ఇవ్వలేకపోయాను. నాలుగైదు నెలల తర్వాత ఎండాకాలం వచ్చి నల్లా సన్నబడగానే, ఇంకొకటి కొన్నాను. దాని గురించి ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు. ఫోనులో మా అమ్మతో చెప్పుకుంటే, ఇంకో రెండు కొనుక్కో బిడ్డా, ఎందుకన్న మంచిది అంది. అత్తమ్మతో చెప్పుకుంటే, పొద్దుగాల పారబొయ్యి, అంతే అంది. ఇద్దరూ నా మంచి కోసమే చెప్పారు. ఇద్దరిలో ఎవరు ఉన్న ఊళ్లోనూ నేను లేను.

కాబట్టి శుక్రవారాలు నాకు శిక్ష. ఆరోగ్య కార్యకర్త వచ్చినా రాకపోయినా, పొద్దున నల్లా వచ్చే ముందు అన్నీ ఖాళీ చేస్తాను. గోలెం, డ్రమ్ములు, బిందెలు, రంజన్. పీచుతో అడుగు తోమి, బోర్లా వేసి ఎండబెడతాను. మళ్లీ నల్లా వస్తుందో రాదోనని ఆ గంటసేపు వాకిట్లోనే నిలబడి ఉంటాను. ఇంట్లో ఒక్క చుక్క లేని ఆ గంట, పిల్లకు దోమ కుడుతుందేమోనన్న మిగతా వారం, రెండు భయాల మధ్య తిరుగుతూ ఉంటాను. దీన్ని అలవాటు అంటాడు మా ఆయన. అలవాటైతే ఇంత బాధ ఉండకూడదు.

పిల్లకు ఇప్పుడు నాలుగేళ్లు. మొన్న శుక్రవారం మొదటి డ్రమ్ము వంచగానే, నీళ్లు వాకిలి అంతా పరుచుకుని కాలువ దారి పట్టాయి. అది చెప్పులు విసిరేసి నీళ్లలోకి దూకింది. పక్కింటి పిల్లల్ని కేకేసింది. ఎగిరి ఎగిరి తొక్కుతోంది, ఆ నీళ్లు దాని మోకాళ్ల మీదికి, గోడ మీదికి, రోడ్డు మీదికి చిందుతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. నీళ్లు వేస్టు చేయొద్దని ఎన్నిసార్లు చెప్పాలె అని చేయెత్తాను.

అది ఆగి, డ్రమ్మునూ నన్నూ చూసింది. "నువ్వే పారబోస్తున్నవు గద అమ్మా," అంది.

దాని గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. తెలియక అడిగింది. జరుగు అన్నాను. అది జరిగింది. రెండో డ్రమ్ము వంచాను.